కాయలు కాయాలి

మృగశిర కార్తె

తెప్పలపాలెం తొమ్మిదో మడి నుంచి మాణిక్యం రాస్తున్న చిట్టా ఇది. కార్తెకో, రెండు కార్తెలకో ఒకసారి మడి సంగతులు రాసి పంపాలని విత్తన మండలి వారి నిబంధన. వాతావరణం, మొక్కల ఎత్తు, చీడపీడలు, ఈ మూడే రాయాలట. సరే. వాతావరణం: వాన. మొక్కల ఎత్తు: ఇంకా విత్తనమే పడలేదు. చీడపీడలు: మా అత్తగారు ఒకరు, మీరు పంపిన దిద్దుడు పెట్టె ఒకటి. ఈ ఇద్దరికీ ఒక్క క్షణం పడదు, మధ్యలో నలిగేది నేను.

మీరు మెట్ట మీద ఉంటారు కాబట్టి ఒక మాట చెప్పాలి. ఇక్కడ నేల లేదు. వెదురు గడల మీద గుర్రపుడెక్క పరిచి, దాని మీద బురద పోసి, తేలే మడులు కట్టుకుని వాటి మీద పండించుకుంటాం. పక్కనే ఇళ్ళున్న తెప్పలు. అన్నిటినీ తాళ్ళతో గుంజలకు కట్టేస్తాం. మా అత్తగారు వెంకాయమ్మ పుట్టిన చింతలంక సరిగ్గా మా తెప్ప కిందే, నీళ్ళ అడుగున ఉంది. కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ కిందకి చూసి "మా ఊళ్ళో అయితేనా" అంటుంది. నేనూ కిందకి చూస్తాను. చేపలు కనిపిస్తాయి.

ఊరు మునిగిన రోజు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుని పడవెక్కారు. అప్పటికి చిన్నపిల్ల అయిన మా అత్తగారు ఒక ఎండిన ఆనపకాయ బుర్ర చంకన పెట్టుకుని ఎక్కింది. అందులో చింతలంక వంగ విత్తనాలున్నాయి. గుండ్రటి కాయ, ఊదారంగు మీద తెల్ల చారలు, గుత్తి కూర వండితే ముచ్చికతో సహా తినేయొచ్చు. వెంకాయమ్మకి వంకాయ అంటే అంత ఇదేమిటని పాలెమంతా వేళాకోళం చేసేది. ఆ వంకాయ తిన్నవాళ్ళు మాత్రం చేయలేదు.

ఇప్పుడు కష్టమేమిటంటే, ఏటేటా మడుల్లోకి ఉప్పు ఎక్కువ ఊరుతోంది. వంగ వేళ్ళు మాడిపోతున్నాయి. బుర్రలో మిగిలింది గుప్పెడు గింజలు. అవీ పాతబడ్డాయి, ఇంకో ఏడాది ఆగితే మొలవవు. ఈ ఏడు వీటినుంచి గింజ దక్కితే చింతలంక వంగ ఉంటుంది. దక్కకపోతే ఊరిలాగే అదీ పోతుంది.

పంట బాగుచేసే పద్ధతులు మా ఇంట్లో మనిషికొకటి. అత్తగారిది ఎంపిక. మంచి చెట్టు చూసి, దాని మీద మంచి కాయ చూసి, ముచ్చికకి గుడ్డపీలిక కడుతుంది. అది విత్తనానికి విడిచిన కాయ, ఇక ఎవరూ ముట్టకూడదు. పండి పసుపురంగుకి తిరిగాక గింజ తీసి, నీళ్ళలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి బూడిదలో కలిపి ఆరబెడుతుంది. "మంచిదాన్ని ఉంచుకోడం, చెడ్డదాన్ని తినేయడం. అంతకంటే ఏముందే ఇందులో" అంటుంది.

మా ఆయన భద్రానిది సంకరం. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు చిన్న పట్టకారుతో లాగేసి, పొద్దున్నే ఇంకో చెట్టు పుప్పొడి కుంచెతో అద్ది, కాగితం సంచి తొడుగుతాడు. ఉప్పుకి చావని అడవి వంగ ఒకటి సంపాదించి దానికీ మా వంగకీ అలాగే పెళ్ళి చేశాడు. పుట్టిన పిల్ల ఉప్పుకి చావలేదు కానీ కూర వండితే కాకరకాయ సిగ్గుపడేంత చేదు. "ఇంకో ఆరు తరాలు మన వంగతోనే కలుపుకుంటూ పోతే చేదు పోద్దే" అంటాడు. అంటే ఆరేళ్ళు. అంతకాలం ఆగే ఓపిక గింజలకి లేదు.

పక్క తెప్ప ఆదెమ్మ తన బెండ విత్తనాలకి కిరణాలు కొట్టించుకొచ్చింది. ఏ గింజలో ఏం మారుతుందో ఆ కిరణాలకే తెలియదు, వేలల్లో ఒకటి బాగుపడుతుందట. ఆదెమ్మకి ఇప్పటిదాకా మెలికలు తిరిగిన కాయలే దక్కాయి. వాటికి జంతికల బెండ అని పేరు పెట్టి అందరికీ పంచుతోంది.

నాది దిద్దుడు. మండలి వారు నేర్పించి, పెట్టె ఇచ్చి పంపారు. మొలక మొన మీద సూది పెట్టి, ఆ మొక్క జన్యువుల రాతలో ఏ అక్షరం మార్చాలో ఆ అక్షరమే మారుస్తుంది ఈ పెట్టె. పలక మీద పిల్లల తప్పులు దిద్దినట్టు దిద్దుతుందని దీన్ని అందరూ పంతులు అంటారు. నోటితో చెబితే చాలు, వింటుంది. పుస్తకాల తెలుగు మాత్రమే మాట్లాడుతుంది.

అత్తగారు గింజలివ్వడానికి ఒప్పుకోవడానికి రోహిణి ఎండలన్నీ పట్టాయి. ఆఖరికి బుర్ర నా ఒళ్ళో పెట్టింది.

"పోయినియ్యి పోయినట్టు చెప్పు. బాగోనియ్యి బాగోనట్టు చెప్పు. నాకాడ మాత్రం కబుర్లు చెప్పకు" అంది.

ఆ రాత్రే గింజలు నానేశాను.

ఆరుద్ర కార్తె

వాతావరణం: ముసురు. నానేసిన గింజల్లో సగానికి మొలక వచ్చింది. మిగతావి ఉబ్బి ఊరుకున్నాయి. వచ్చినవాటిని పంతులు ముందు పెట్టాను. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. పెట్టెతో మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి నాతో మాట్లాడుతూ పెట్టెని తిడుతోంది.

"కోరిక తెలుపుడు" అంది పెట్టె.

"ఉప్పు నీళ్ళకి తట్టుకోవాలి. వేరు మాడకూడదు. రుచి, రంగు, చారలు, ఏవీ మారకూడదు. కాయలు బాగా కాయాలి."

"కాయలు బాగుగా కాయవలెను. ధ్రువపరచుడు."

"ఆయ్."

"ఆయ్ అనగానేమి?"

"అవునని" అన్నాను.

"ఇంక అత్త పేరు కూడా అడుగుతుందేమో, చెప్పు దానికి" అంది గుమ్మంలోంచి అత్తగారు. నిజంగానే అడిగింది. విత్తన యజమాని పేరు నమోదు చేయాలట. వెంకాయమ్మ అని చెప్పాను.

"వంకాయమ్మ" అంది పెట్టె. "మొక్కకు తల్లియా?"

అత్తగారు పీట తీసుకుని వెళ్ళిపోయింది.

పుష్యమి కార్తె

మొక్కల ఎత్తు: మోకాలు దాటాయి. అవును, మోకాలు. పోటుకి అలలు మడి మీదకి వచ్చి వెళుతున్నాయి, మా వంగ మొక్కలు ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలా హాయిగా ఉన్నాయి. ఒక్క ఆకు మాడలేదు. పక్క మళ్ళలోవాళ్ళు వచ్చి చూసి వెళుతున్నారు. నేను కొంచెం తల ఎగరేసి తిరుగుతున్నాను, అది కూడా రాస్తున్నాను.

అత్తగారు రోజూ వచ్చి ఒక్కో మొక్కనీ పైనుంచి కిందకి చూస్తుంది. మొన్న కాండం మీద వేలు పెట్టి తీసేసింది.

"మా వంగకి ముళ్ళు లేవే" అంది.

"లేతముళ్ళండీ అత్తయ్యా, పోతాయి."

"వత్తన్నాయి. పోయేవి ఇలా రావు" అంది.

భద్రం మాత్రం ఉప్పుకి తట్టుకోవడానికి పెట్టె అడవి వంగ గుణం కొంచెం కలిపి ఉంటుందన్నాడు. ఉప్పుకి తట్టుకునే వంగలన్నిటికీ ముళ్ళుంటాయి కదా అని నేనూ సర్ది చెప్పుకున్నాను. పెట్టెని అడగలేదు. అన్నీ బాగా జరుగుతున్నప్పుడు అడగబుద్ధి కాదు.

మఖ కార్తె

పూత. ఊదా పూలు, గుత్తులు గుత్తులుగా. మా ఆయన ఆగలేకపోయాడు. ఇంత బలమైన మొక్కల పుప్పొడి వేరే వంగలకి అద్దితే ఎంత బాగుంటుందో అని కుంచె పట్టుకుని మడి ఎక్కాడు. నేను తెప్ప మీద చేపలు బాగుచేస్తున్నాను. కాసేపటికి "ఓలమ్మో" అని వినిపించింది.

చూసేసరికి మడి మీద గంతులేస్తున్నాడు. పువ్వు దగ్గరికి చెయ్యి వెళ్ళగానే ఆకులు ముడుచుకుని పూలని కప్పేశాయట, అత్తిపత్తిలాగా. ఆ ఆకుల వెనక సన్నటి నూగు. అది అంటుకున్న చోటల్లా దురదగొండి రాసినట్టు దురద. చేతులకి, మెడకి, గోక్కున్న ప్రతి చోటికీ. పుల్లటి మజ్జిగ పూసి, పేడ పూసి, ఆఖరికి ఉప్పు నీళ్ళలో దింపాం. మెడ దాకా నీళ్ళలో నిలబడి మడి వైపు చూస్తూ అన్నాడు:

"మడిలో వేస్తే నిజంగానే మడి కట్టుకుందేంటే ఇది. ముట్టుకోనివ్వట్లేదు."

అందరం నవ్వాం. అత్తగారు నవ్వలేదు. పూతనే ముట్టుకోనివ్వని చెట్టు కాయని ముట్టుకోనిస్తుందా అని అడిగింది. అప్పటిదాకా నాకు ఆ ఆలోచన రాలేదు.

ఉత్తర కార్తె

కాయలు దిగాయి. ఎలాంటి కాయలనుకున్నారు. చారలు తేరి, నిగనిగలాడుతూ, గుత్తికి నాలుగేసి. మళ్ళో నిలబడితే నోట్లో నీళ్ళూరతాయి. అలా నిలబడి నోరూరించుకోవడం తప్ప ఇంకేమీ చేయలేం.

ఆదెమ్మ మొదట వచ్చింది. కూరకి నాలుగు కాయలిమ్మంది. వద్దని చెప్పేలోపే చెయ్యి పెట్టింది. ముళ్ళు లేచాయి, ఆకులు మూసుకున్నాయి, నూగు రాలింది. ఆదెమ్మ గోక్కుంటూ వాళ్ళ తెప్పకి వెళ్ళింది, వాళ్ళాయన్ని ముట్టుకుంది, ఆయన పడవ తెడ్డు ముట్టుకున్నాడు, ఆ తెడ్డు పట్టుకున్నవాడు బడిపడవ నడిపాడు. సాయంత్రానికి పాలెం సగం గోక్కుంటోంది. మిగతా సగం మా ఇంటి ముందుకొచ్చి నన్ను తిడుతోంది.

పెట్టెని ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"ఏం చేశావు నా వంగని?"

"కాయలు కాయవలెనని తాము ఆజ్ఞాపించితిరి. కాయలను ఎవరును తాకకుండ మొక్క కాయుచున్నది. లోపమెచ్చట?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"కాయడమంటే కాపలా కాయడం కాదు. కాయలు కాయడం."

"కాయలు కాయుటయే జరుగుచున్నది."

"అది కాదయ్యా. చెట్టు కాస్తుంది చూడూ…"

"చూచుచున్నాను. చక్కగ కాయుచున్నది."

తల పట్టుకున్నాను. చేను కాస్తాం, ఊరు కాస్తాం. ఎండ కాస్తుంది, వెన్నెల కాస్తుంది. పాలు కాస్తాం, చలి కాచుకుంటాం. ఒక్క ముక్కతో ఇన్ని పనులు చేయించుకోవడం మనకి ఎవరు నేర్పారో. పంతులు ఈ వంగ చేత వెన్నెల కాయించలేదు, అదొక్కటే మేలు. దురదగొండి రాత నుంచి రెండు వాక్యాలు, అత్తిపత్తి నుంచి ఒకటి, అడవి వంగ నుంచి ముళ్ళు తెచ్చి, చక్కటి కాపలాదారుని తయారుచేసి పెట్టింది. ఫలించాలి అని ఉంటే సరిపోయేదట. వంగచెట్టు గురించి ఫలించాలి అని ఎవరైనా అంటారా.

"సరే, దిద్దినదాన్ని మళ్ళీ దిద్దు" అన్నాను.

"పెరిగిన మొక్కను దిద్దజాలను. గింజ తెండు."

"గింజ కాయలో ఉంది. కాయని ముట్టుకోనివ్వట్లేదు."

"కాయుచున్నది గదా" అంది పెట్టె, గర్వంగానే.

దాన్ని నీళ్ళలోకి విసిరేయకుండా ఉన్నందుకు మండలి వారు నన్ను మెచ్చుకోవాలి. విసిరే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి తోచింది.

"ఎప్పటిదాకా కాస్తుంది?"

"గింజ ముదురువరకు. పిమ్మట కాచుటకు హేతువు లేదు. ముళ్ళు రాలును, ఆకులు వీడును, కాయ పండి చేతికి వచ్చును."

వెళ్ళి అత్తగారికి అన్నీ చెప్పాను. కబుర్లు చెప్పొద్దంది కాబట్టి నేనన్న మాట, పెట్టె అర్థం చేసుకున్న తీరు, దాచకుండా చెప్పాను. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను.

"ముదిరాకా వదులుద్దంటావా?" అంది.

"వదులుద్దన్నదండీ."

"లేతకాయ కూరకి ఇవ్వదు. పండుకాయ విత్తనానికి ఇత్తాది."

"ఆయ్."

"అయితే దానికి నీకంటే బుద్ధుంది" అంది. తిట్టో కాదో తెలియలేదు. ఇంట్లో ఎవరూ మడి వైపు వెళ్ళకూడదని తాడు అడ్డం కట్టింది.

హస్త కార్తె

చీడపీడలు: మండలి పరిశీలకులు ఓబులేసు గారు. మీరే పంపారు కాబట్టి ఈ మాట కొట్టేయమని అడగరని నమ్మకం.

పాలెంవాళ్ళ ఫిర్యాదు మీకు చేరిందన్నమాట. ఆయన మెట్టసీమ మనిషి. పడవ దిగినప్పటినుంచీ రెండు చేతులతో ఏదో ఒకటి పట్టుకునే ఉన్నాడు. మడి అంచున నిలబడి కాయల్ని వంగి వంగి చూశాడు.

"ఏమ్మా, ఇంత బాగుండే వంకాయను ఎవురూ తినలేదా?" అన్నాడు.

"తిననివ్వదండీ."

ఆయనా చెయ్యి పెట్టాడు. చూసినవాళ్ళంతా పెడుతున్నారు, అదేమిటో. మజ్జిగ పూయించుకుని, గోక్కోకుండా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుని, నిబంధన చెప్పాడు. దిద్దిన మొక్క మనిషిని బాధపెడితే గింజ కట్టకముందే పీకేయాలి, దాని సంతానం మిగలకూడదు.

"పీకెయ్యల్లమ్మా. తప్పదు."

పీకడానికి ఇద్దరు దిగారు, ఇద్దరూ నీళ్ళలోకి దూకారు. కొక్కెం కర్రతో ప్రయత్నించారు, నూగు గాలికి ఎగిరి పడవలోవాళ్ళకి అంటింది. ఓబులేసు గారు ఆలోచించి, ఇంకో మార్గం కనిపెట్టాడు. మడి తాడు కోసేసి సముద్రంలోకి వదిలేయమన్నాడు. పాలెంవాళ్ళు ఎవరూ కాదనలేదు. ఆదెమ్మ కూడా. గోక్కున్నవాళ్ళ మనసు నాకు తెలుసు, వాళ్ళని తప్పు పట్టను. నా నోటి మాట వల్ల చింతలంక వంగ సముద్రంపాలవుతుంటే నేనే చూస్తూ ఉండాలి.

భద్రం చేతికి కత్తి ఇచ్చారు. తను తాడు దగ్గరికి వెళ్ళేలోపే అత్తగారు పీట చంకలో పెట్టుకుని మడి ఎక్కింది. మొక్కలకి జానెడు దూరంలో, అంచున పీట వేసుకుని కూర్చుంది.

"ఇంక కొయ్యి" అంది కొడుకుతో.

"అవ్వా, దిగు" అన్నాడు ఓబులేసు గారు.

"నేను చింతలంకదాన్ని బాబూ. మా ఊరు ఒకసారి వదిలేసి వచ్చేసేను. రెండోసారి నా వల్ల కాదు."

"చెట్టు కోసం సముద్రంలోకి పోతావా?"

"చెట్టుకోసం ఎవరు పోతారు. గింజ ముదిరేదాకా ఆగమంటున్నాను. ఆనక మీరే పీకుదురుగాని."

ఆయన నా వైపు తిరిగాడు. "ముదిరినంక వదుల్తాదని ఏం నమ్మకమమ్మా?"

"పెట్టె చెప్పిందండీ."

"పెట్టెను నమ్మినందుకే గదమ్మా ఇదంతా."

భద్రం కత్తి కింద పెట్టేశాడు. అందరూ పరిశీలకుడి మొహం వైపు చూస్తున్నారు. ఆయన అత్తగారి వైపు, మడి కింద నీళ్ళ వైపు, మళ్ళీ అత్తగారి వైపు చూశాడు.

"మా నాయన శనిక్కాయ విత్తనం మూట తలకింద పెట్టుకుని పండుకునేటోడు. మేం ఆకలని ఏడిస్తే ఆ పక్కకి తిరుక్కునేటోడు" అన్నాడు. తర్వాత ఇంకో గొంతుతో షరతులు చెప్పాడు. మడిని పాలేనికి దూరంగా లాక్కెళ్ళి, ఒంటి గుంజకి కట్టాలి. స్వాతి దాకా గడువు. ఒక్క మనిషికి కూడా దురద రాకుండా పగలంతా ఎవరో ఒకరు అక్కడే ఉండాలి.

"ఎవురుంటారు కాపలా?"

"నేను కాత్తాను" అంది అత్తగారు.

నా సంచిలో ఉన్న పెట్టె ఉలిక్కిపడినట్టు మాట్లాడింది. "వంకాయమ్మగారు కాయుదురా? ఎన్ని కాయలు కాయుదురు?"

ఓబులేసు గారు నవ్వేశాడు. పడవ ఎక్కాక కూడా, రెండు చేతులతో అంచు పట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వుతూనే వెళ్ళాడు.

చిత్త కార్తె

ఒంటి గుంజ దగ్గర కొత్త కాపురం. అత్తగారు పడవలో కూర్చుని కాస్తుంది. నేను వంట తీసుకెళతాను, భద్రం ఎండ ఎక్కువైనప్పుడు వంతు తీసుకుంటాడు. దగ్గరికొచ్చిన పడవలన్నిటికీ ఆవిడ దూరం నుంచే కేకలేస్తుంది. మొక్కలు కాయల్ని కాస్తున్నాయి, ఆవిడ మొక్కల్ని కాస్తోంది, ఆవిడ ఎండ దెబ్బ తినకుండా నేను కాస్తున్నాను. ఈ మాట పెట్టెకి చెప్పలేదు. దానికి మతి పోతుంది.

అన్నం తింటూ ఒకరోజు, నేనేమీ అడగకుండానే చెప్పింది.

"బియ్యం పడవ రాని ఏడు ఒకటొచ్చింది. నీ మొగుడికి మూడేళ్ళు. కాయలన్నీ అయిపోయాయి, పీలికలు కట్టిన విత్తనం కాయలే మిగిలినియ్యి. పక్కనోళ్ళెవరో దొంగతనంగా కోసుకుపోయారని చెప్పేను అందరికీ. విప్పింది నేనే. వండింది నేనే."

"పిల్లాడి ఆకలి కదండీ అత్తయ్యా" అన్నాను.

"ఆకలే. తప్పనట్లేదు. ఆ ఏడు విత్తనం మాత్రం లేదు. బుర్ర అడుగున పాతగింజలు నాలుగుండబట్టి వంగ మిగిలింది" అంది. చెయ్యి కడుక్కుని మళ్ళీ మొక్కల వైపు తిరిగి కూర్చుంది.

తర్వాత తుఫాను. మధ్యాహ్నానికే చీకటిలా కమ్ముకొచ్చింది. అత్తగారు పడవ దిగనంది. భద్రం మాటలు మానేసి ఆవిడని ఎత్తుకుని తెప్ప మీదకి తెచ్చాడు. దారి పొడుగునా ఆయన వీపు మీద గుద్దులే. ఇంటి వెదురు తడికలు పట్టుకుని ముగ్గురం కూర్చున్నాం. అలల మధ్య మా మడి పైకి లేచి కిందపడటం కనిపించేది, కాసేపటికి అదీ కనిపించలేదు. అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ పట్టుకోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

గాలి తగ్గాక పడవలో వెళ్ళాం. పాలెం మళ్ళలో బీర, ఆనప, ఆదెమ్మ జంతికల బెండ, అన్నీ ఊడ్చుకుపోయాయి. తీగలూ చెట్లూ ఉన్నాయి, కాయల్లేవు. మా మడి సగం చినిగి ఒంటి గుంజకి వేలాడుతోంది. మొక్కలన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. ప్రతి గుత్తి మీదా ఆకులు పిడికిలిలా బిగుసుకుని ఉన్నాయి. అత్తగారు కర్ర చివరతో ఒక ఆకు నెమ్మదిగా ఎత్తింది. నాలుగు కాయలూ ఉన్నాయి. ఇంకోటి ఎత్తింది. ఉన్నాయి.

"కాసిందే" అంది.

స్వాతి కార్తె

వాతావరణం: తేట. మొక్కల ఎత్తు: ఇక అనవసరం.

పంతులు ఈసారి మాట తప్పలేదు. కాయలు పసుపు తిరిగాయి. ముళ్ళు ఒక్కొక్కటే రాలాయి, ఆకులు వాలిపోయాయి, నూగు ఎండి నీళ్ళలో కొట్టుకుపోయింది. మొదట ఎవరు ముట్టుకోవాలన్నది చర్చ. భద్రం వెనక్కి తగ్గాడు, ఆయనకి మఖ కార్తె ఇంకా గుర్తుంది. అత్తగారు అరచెయ్యి కాయ కింద పెట్టింది. ముచ్చిక దానంతటదే వీడి, కాయ చేతిలో పడింది.

కూరకి ఒక్క కాయ కూడా రాలేదు. అన్నీ గింజకే వెళ్ళాయి. చెట్లన్నిటి మీదా పీలిక కట్టినట్టే అయింది. గింజలు తొట్టిలో వేస్తే తేలినవి తక్కువ, మునిగినవి ఎక్కువ. మూడు చాపలు నిండాయి. బుర్ర చాలక ఆదెమ్మ ఇంటి నుంచి కుండ తెచ్చుకున్నాం. ఆదెమ్మకి కొన్ని గింజలు, గోక్కున్న ప్రతి ఇంటికీ కొన్ని, మొలకెత్తాక పంతులు చేత దురద తీయించుకునే నాటమని చెప్పి. ఓబులేసు గారికి చిన్న మూట, తలకింద పెట్టుకోమని చెప్పి పంపాం. ఎండు మొక్కలు ఆయన వచ్చి పీకించాడు. ఊరికి దూరంగా, ఒంటి గుంజ దగ్గర అయితే ఇలాంటి మడి ఒకటి ఉంచుకోవడానికి మండలికి అభ్యంతరం లేదని ఆయనే రాసిచ్చాడు.

మిగిలిన గింజల్ని అత్తగారు చాప మీద రెండు పాళ్ళు చేసింది. తర్వాత పెట్టెని తన ముందుకి తెమ్మంది. నేను ఆశ్చర్యపోయి తెచ్చి పెట్టాను.

"ఏమయ్యా పంతులూ" అంది.

"కోరిక తెలుపుడు, వంకాయమ్మగారూ."

"వచ్చే ఏడుకి ఈ పాలు కాయాలి. ఈ పాలు కాయాలి."

"మొదటి పాలు కాయవలెను, రెండవ పాలు కాయవలెను. భేదము గోచరించుటలేదు."

మొదటిది ఫలించాలని నేను అందివ్వబోతే అత్తగారు చేత్తో ఆపింది. పిల్లాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"ఇది కూరకి. ఉప్పుకి చావకూడదు, ముల్లు ఉండకూడదు, దురద ఉండకూడదు. ఊరంతా కోసుకుని తినాలి. ఇదేమో, ఈ ఏడు ఎలాగుందో అలాగే ఉంచు. ముదిరేదాకా ఎవర్నీ ముట్టుకోనీకు."

"ఎవరినుండి కాయవలెను? పక్షులనుండియా, పశువులనుండియా, దొంగలనుండియా?"

"మా నుంచే" అంది అత్తగారు. "ఆకలేసినరోజు మాకంటే దొంగలుండరు."

పెట్టె కోరిక రాసుకుంది.